నరముల నొప్పి మందులు: వానితో పొసగునవి, పొసగనివి

అరికాళ్ళ మంట, కాలివ్రేళ్ళ తిమ్మిరి, నడుమునుండి పిక్కవరకు ప్రాకెడి పోటు: ఈ బాధలు నేడు మన పల్లెలలో పడిసెమువలె పరిచితములైనవి. మధుమేహము పల్లెలకు వచ్చిన పిదప ఇవియు దాని వెంట వచ్చినవి. వైద్యుడు చూచి, ఇది నరముల నొప్పి యని చెప్పి, ప్రెగాబాలిన్ అనియో గాబాపెంటిన్ అనియో పేరుగల మందు వ్రాసి యిచ్చును. రోగి దానిని తెచ్చుకొని రాత్రి భోజనమైన పిదప నొకటి మ్రింగి పరుండును. ఇంతవరకు బాగుగనే యున్నది. కాని ఆ మందుతోపాటు ఏమి తినవచ్చును, ఏమి త్రాగరాదు, ఇంటిలో నున్న తక్కిన మాత్రలలో దేనితో నది కలహించును అను సంగతి చీటిలో నుండదు. అడుగుటకు రోగికి తోచదు. రోగుల రద్దీలో విడమరచి చెప్పుటకు వైద్యునకు తీరిక యుండదు. ఆ లోటు కొంత తీర్చుటకే యీ పాఠము. ఇది వైద్యుని మాటకు బదులు కాదు. వైద్యుని ఏమి యడుగవలెనో మన సభ్యులకు తెలిపిన చాలును.

మొదట నీ నొప్పి స్వభావమును తెలిసికొందము. కాలిలో ముల్లు గ్రుచ్చుకొన్నపుడు నొప్పి పుట్టుట, నరము తన పని తాను చేయుటయే. ముల్లు తీసినచో నొప్పి పోవును. నరముల నొప్పి యట్టిది కాదు. ఇందు ముల్లు లేదు; వార్త మోసెడి నరమే చెడి, లేని వార్తను మోయుచుండును. రక్తములో చక్కెర ఏండ్లతరబడి హెచ్చుగా నుండుటచేత పాదముల నరములు చెడును. సర్పి లేచి మానిన పిదప ఆ చోట నెలలకొలది మంట నిలుచుటయు నీ జాతిదే. దుప్పటి తగిలినను ఓర్వలేకుండుట, చీమలు ప్రాకినట్లుండుట, కరెంటు కొట్టినట్లు జల్లుమనుట దీని గుర్తులు. సాధారణపు నొప్పి బిళ్ళలు దీనికి అంతగా పనిచేయకపోవుటకు కారణ మిదియే.

నరము చివర, వార్తను ముందునకు పంపు చోట, తూములవంటి సూక్ష్మ ద్వారములు గలవు. వాని గుండ కాల్షియము లోనికి వచ్చినపుడు వార్త ముందునకు సాగును. ప్రెగాబాలిన్, గాబాపెంటిన్ అను నీ రెండు మందులును ఆ తూములకు సంబంధించిన యొక భాగమును పట్టుకొని ప్రవాహమును తగ్గించును. కాలువను పూర్తిగా కట్టివేయుట కాదు, తూము పలకను కొంచెము దించుట వంటిది. అయితే ఏ నరము చెడినదో, ఏ నరము బాగున్నదో మందునకు తెలియదు. అరికాలి మంటను తగ్గించెడి మందే మెదడునందును పలకను దించును. మత్తు, తల తిరుగుట, అడుగు తడబడుట, చూపు మసకబారుట అందుచేతనే కలుగును. ఈ యొక్క విషయమును మనస్సున నుంచుకొన్నచో ముందు చెప్పబోవు ప్రమాదములు చాలవరకు తమంతట తామే బోధపడును.

గాబాపెంటిన్‌ను మొదట మూర్ఛరోగమునకై తయారుచేసిరి. అమెరికాలో దానికి 1993లో అనుమతి వచ్చినది. సర్పి పిదప నిలుచు నొప్పికి 2002లో ననుమతించిరి. ప్రెగాబాలిన్ తరువాతిది. అది నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయమున రిచర్డ్ సిల్వర్మన్ అను రసాయన శాస్త్రజ్ఞుని ప్రయోగశాలలో పుట్టి, 2004లో ఆమోదము పొందినది. ఇవి మంచి మందులే గాని మంత్రములు కావు. గాబాపెంటిన్‌పై జరిగిన పరీక్షలను కోక్రేను సంస్థవారు 2017లో కూర్చి చూడగా, మధుమేహపు నొప్పియో సర్పి నొప్పియో గల పదిమందిలో ముగ్గురికో నలుగురికో నొప్పి సగమునకు తగ్గినట్లు తేలినది. మందు లేని ఉత్తుత్తి మాత్ర మ్రింగిన పదిమందిలో ఒకరికో యిద్దరికో మాత్రమే అట్లు తగ్గినది. నడుమునుండి కాలికి దిగు సయాటికా పోటు మాట వేరు. ఆస్ట్రేలియాలో జరిపి 2017లో ప్రకటించిన పరీక్షలో, ఆ పోటునకు ప్రెగాబాలిన్ ఉత్తుత్తి మాత్రకంటె మేలు చేయలేదు. తల తిరుగుట మాత్రము హెచ్చినది. ఐనను మన యూళ్ళలో నడుము నొప్పి యన్న ప్రతివానికిని ఈ బిళ్ళయే చేతికి వచ్చుచున్నది. కొన్ని వారములు వాడినను గుణము కనబడనిచో, ఇది నాకు పనిచేయుచున్నదా యని వైద్యుని అడుగుటలో తప్పు లేదు. పంటకు పట్టని యెరువును ఏటేటా చల్లు రైతు లేడు గదా.

ఇక పథ్యము మాట. మందు వాడుచున్నామనగానే మన యిండ్లలో వంకాయ మానుదురు, గోంగూర మానుదురు, గుమ్మడికాయ, చిక్కుడుకాయ, చేప, పెరుగు, ఒక్కొక్క యింట కందిపప్పు సయితము మానుదురు. తుదకు రోగికి మిగులునది అన్నమును చారును. ఈ రెండు మందుల విషయమున ఇట్టి పథ్యమునకు ఆధారము లేదు. కారణము చెప్పెదను. అనేక ఔషధములు కాలేయమునకు పోయి, అచ్చట విరిగి, రూపు మారును. కొన్ని పండ్లు, కొన్ని మూలికలు, కొన్ని యితర మందులు కాలేయము చేయు నా పనిని హెచ్చించుటయో తగ్గించుటయో చేయును. దానిచేత ఔషధపు బలము మారిపోవును. ప్రెగాబాలిన్, గాబాపెంటిన్ అను నీ రెండును కాలేయమునందు దాదాపుగా మారనే మారవు. మ్రింగిన మందు పేగునుండి రక్తములోనికి, రక్తమునుండి మూత్రపిండములకు పోయి, వచ్చిన రూపముననే మూత్రములో వెడలిపోవును. కావున వంకాయ తిన్నను గోంగూర తిన్నను దాని దారికి అడ్డు రాదు. కాఫీ, టీలును దానితో కలహింపవు. నిద్ర చెడకుండ ప్రొద్దు క్రుంకిన పిదప వానిని మానిన చాలును.

మధుమేహము గలవానికి పప్పు, కూర, పెరుగు, చేప మాన్పించి చారన్నము పెట్టుట పథ్యము కాదు, అపథ్యము. అన్నము పాలు హెచ్చి తక్కినవి తగ్గినచో రక్తములో చక్కెర పెరుగును. నరము చెడుటకు మూలమే యది. పైగా ప్రెగాబాలిన్‌నకు ఆకలిని, శరీరపు బరువును పెంచు గుణము గలదు. మొదట సన్నగా నున్నవారు గూడ కొన్ని నెలలలో బరువెక్కుట కలదు. నెలకొకసారి సంఘపు గిడ్డంగిలోని ధాన్యపు కాటాపై నైనను నిలిచి బరువు చూచుకొని వ్రాసికొనుట మంచిది. బస్తా తూకమునకు మనము పెట్టు శ్రద్ధలో నాల్గవ పాలు మన తూకమునకు పెట్టినను చాలును.

పండ్లను గురించి యొక మాట. మందులతో గ్రేప్‌ఫ్రూట్ తినరాదని పత్రికలలో చదివినవారు పంపర పనసను గూర్చి అడుగుచుందురు. అది కార్బమజెపిన్ అను వేరొక మందునకు చెందిన నిషేధము. ముఖమునందు మెరుపువలె పొడిచెడి నరముల పోటునకు ఆ మందు వాడుదురు. అది కాలేయమున మారునది గనుక గ్రేప్‌ఫ్రూట్ రసము దాని పాలును రక్తములో పెంచును. పంపర పనస దానికి దగ్గరి చుట్టమే కాబట్టి కార్బమజెపిన్ వాడువారు దానిని గూడ మానుటయే క్షేమము. ప్రెగాబాలిన్, గాబాపెంటిన్ వాడువారికి ఈ నిషేధము లేదు.

భోజనమునకు ముందా, తరువాతనా? సాధారణపు ప్రెగాబాలిన్ ఎట్లు మ్రింగినను ఒంటికి పట్టు మొత్తము ఇంచుమించు సమానమే. కాని పరగడుపున మ్రింగినచో అది సుమారు గంటన్నరలో రక్తమున శిఖరమునకు చేరును; అన్నము తిని మ్రింగినచో మూడు గంటలు పట్టును, శిఖరపు ఎత్తును నూటికి 25 మొదలు 30 వంతులు తగ్గును. అనగా తల తిరుగుట గలవారికి అన్నముతో పుచ్చుకొనుట సుఖము. ఏకాదశి, శివరాత్రి, రంజాను దినములలో ఉపవాసముండువారు ఈ సంగతి నెరిగియుండవలెను. నిన్నటి మాత్రయే నేడు ఎక్కువ బలముగా తోచును. మెల్లమెల్లగా విడుదలయగు రకము వేరుగా నున్నది. అట్టలపై పేరు తరువాత ఎస్.ఆర్. అనియో సి.ఆర్. అనియో అక్షరములుండును. దానిని రాత్రి భోజనమైన వెంటనే పుచ్చుకొనవలెను. అట్టి రకమును పరగడుపున ఇచ్చి చూడగా మందు నూటికి సుమారు 30 వంతులు తక్కువగా పట్టినది. దానిని నమలరాదు, విరువరాదు. విరిచినచో రాత్రియంతయు జారవలసిన మందు ఒక్కసారిగా దిగును.

గాబాపెంటిన్ నడక వింతైనది. పేగునుండి దానిని అవతలకు దాటించు వాహకములు పరిమితముగా నున్నవి. రేవులో పడవలు కొన్నియే యున్నపుడు జనము పెరిగినకొలది గట్టున మిగులువారు హెచ్చుదురు గదా! దినమునకు 900 మిల్లీగ్రాములు మూడు వేళలుగా పుచ్చుకొన్నచో నూటికి 60 వంతులు రక్తములో చేరును; 2400 మిల్లీగ్రాములు పుచ్చుకొన్నచో నూటికి 34 వంతులే చేరును. దీనిని మూడు వేళలకు పంచి యిచ్చుట యీ కారణముచేతనే. ఉదయము, మధ్యాహ్నము మానివేసి రాత్రి మూడును కలిపి మ్రింగెడివారు కొంత మందును వృథాగా పోగొట్టుకొందురు, పగలు నొప్పియు పడుదురు.

కడుపు మంటకు త్రాగు చిక్కని ద్రవములలో అల్యూమినియము, మెగ్నీషియములకు సంబంధించిన లవణములుండును. డైజీన్, జెలూసిల్ మొదలగు పేర్లతో ఇవి ప్రతి కొట్టునందును దొరకును. గాబాపెంటిన్‌ను వీనితో కలిపి పుచ్చుకొన్నచో ఒంటికి పట్టు మందు నూటికి సుమారు 20 వంతులు తగ్గును. ద్రవము త్రాగిన పిదప కనీసము రెండు గంటలు గడచిన తరువాతనే గాబాపెంటిన్ పుచ్చుకొనవలెను. ఇది చిన్న సంగతియే గాని, మందు పనిచేయలేదని మోతాదు పెంచుకొనువారిలో కొందరికి అసలు కారణము ఇదియే కావచ్చును.

మద్యము విషయమున మొగమాటము లేకుండ చెప్పవలసియున్నది. కల్లు గాని, సారా గాని, బ్రాందీ గాని యీ మందులతో పొసగదు. మందును మత్తుపదార్థమును రెండును మెదడును ఒకే దిక్కునకు త్రోయును. ఒక్కొక్కటి వేరుగా నున్నపుడు తూలుటతో పోవునది, రెండును కలిసినపుడు ఊపిరి మందగించుటవరకు పోగలదు. అదియునుగాక మద్యము తానే నరములను చెరచును. పగలు త్రాగి రాత్రి అరికాళ్ళ మంటకు మందు మ్రింగుట, ఒక చేత నీరు పెట్టుచు రెండవ చేత గండి కొట్టుట వంటిది.

తెలంగాణ జిల్లాల సభ్యులకు మరియొక హెచ్చరిక. కల్తీ కల్లులో ఆల్ప్రజోలాం, డయజిపాం, క్లోరల్ హైడ్రేటు వంటి మత్తు మందులు కలుపుట ఎన్నోమారులు పట్టుబడినది. అట్టి కల్లు త్రాగువాడు తనకు తెలియకుండగనే నిద్రమాత్రలు మ్రింగుచున్నాడు. వాని వైద్యుడు ఆ సంగతి నెరుగక ప్రెగాబాలిన్ వ్రాసినచో మూడు మత్తులు ఒక్క దేహమున చేరును. ఇందులో నొక చిక్కు గలదు. ఏండ్లుగా కల్తీ కల్లునకు అలవాటుపడినవాడు ఒక్క దినమున మానివేసినచో ఫిట్సు వచ్చుట, పిచ్చి చేష్టలు కలుగుట తెలిసిన విషయమే. కావున మందుకొరకు కల్లు మానదలచినవాడు తన యలవాటును దాచక వైద్యునితో చెప్పి, ఆయన సలహాపై మానవలెను. సిగ్గుపడవలసినది కల్తీ చేసినవాడు గాని త్రాగి మోసపోయినవాడు కాడు.

మద్యమువలెనే జాగ్రత్తపడవలసిన మాత్రలు మన యిండ్లలోనే యుండును. ట్రామడాల్ అను గట్టి నొప్పి మాత్రను పారాసిటమాల్‌తో కలిపి విరివిగా అమ్ముచున్నారు. అది నల్లమందు జాతి గుణములు గలది. ఆ జాతి మందులతోను, నిద్ర మందులతోను గాబాపెంటిన్, ప్రెగాబాలిన్ కలిసినపుడు ఊపిరి ప్రమాదకరముగా మందగించవచ్చునని అమెరికా ఔషధ శాఖవారు 2019 డిసెంబరులో హెచ్చరిక ప్రకటించిరి. వృద్ధులకును, ఉబ్బసము, ఊపిరితిత్తుల జబ్బులు గలవారికిని ఈ యపాయము హెచ్చు. నల్లమందు జాతికి చెందిన మార్ఫిన్ ప్రేగుల కదలికను మెల్లపరచును. దానివలన గాబాపెంటిన్ ఎక్కువసేపు పేగున నిలిచి, ఒక పరీక్షలో నూటికి 44 వంతులు అదనముగా ఒంటికి పట్టినది. కోడీన్ కలిసిన దగ్గు మందులు, జలుబునకు దురదకు వాడు సెట్రిజిన్, క్లోర్‌ఫెనిరమిన్ మాత్రలు గూడ మత్తును పెంచునవే. రోగి పిలిచిన పలుకకున్నను, ఊపిరి మరీ మెల్లనైనను, పెదవులు నీలి రంగు తిరిగినను, తెల్లవారనిమ్మని కూర్చుండక వెంటనే 108కి చెప్పి ఆసుపత్రికి చేర్పవలెను.

ఈ మత్తు పొలమునందు ఏమి చేయునో చూడుడు. ప్రెగాబాలిన్ పరీక్షలలో మందు పుచ్చుకొన్న నూరుగురిలో 30 మందికి తల తిరిగినది, 23 మందికి మత్తు కమ్మినది. ఉత్తుత్తి మాత్ర పుచ్చుకొన్నవారిలో ఈ రెండును ఎనిమిదేసి మందికే కలిగినవి. ఒక రైతును ఊహింతము. రాత్రి 8 గంటలకు అన్నము తిని మాత్ర మ్రింగెను. దగ్గుగా నున్నదని రెండు చెంచాల దగ్గు మందును త్రాగెను. 11 గంటలకు నీటి వంతు వచ్చినదని పిలుపు వచ్చెను. అన్నము తిని మ్రింగిన మందు మూడు గంటలకు శిఖరమునకు చేరునని పైన చెప్పితిమి. ఆ వేళ సరిగా ఇదియే. చీకటి, ఇరుకు గట్టు, తడిసిన చేతులు, మోటారు స్టార్టరు పెట్టె, కాలి క్రింద ఏమున్నదో తెలియని మొద్దుబారిన పాదము. అతడు పడినచో ఊరివారు కాలు జారెననియే చెప్పుకొందురు గాని మందు మాట యెవరికిని తోచదు. మొదలుపెట్టిన తొలి వారములోను, మోతాదు పెంచిన ప్రతిసారియు ట్రాక్టరు నడుపుట, తాడి కొబ్బరి చెట్లెక్కుట, నూర్పిడి యంత్రము దగ్గర పనిచేయుట మానవలెను. పురుగు మందు చల్లునాడు మరింత మెలకువ కావలెను. విషము సోకుటవలన కలిగిన తూలును మాత్ర తూలని తలచి ఆలస్యము చేసినవాడు ప్రాణముమీదికి తెచ్చుకొనును. రాత్రి నీటి వంతును పది దినములపాటు ఇంటిలోని మరియొకరికో, పొరుగు రైతునకో మార్చుకొనుట కష్టమైన పని కాదు. మన సంఘములు పుట్టినదే యిట్టి మార్పిడి సహాయమునకు గదా.

ఇప్పుడు అన్నిటికంటె ముఖ్యమైన సంగతికి వచ్చితిమి. ఈ మందులు దేహమునుండి వెడలుటకు ఉన్న ద్వారము ఒక్కటే, అది మూత్రపిండము. ఆ ద్వారము ఇరుకైనచో రోజూ మ్రింగు మందు రోజూ కొంత మిగిలి నిలువయగును. అందుచే మూత్రపిండముల శక్తి సగమునకు తగ్గినవానికి మోతాదును సగమునకును, మరింత తగ్గినవానికి నాల్గవ వంతునకును దింపవలెనని నియమము. శ్రీకాకుళము జిల్లా ఉద్దానములోని కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురము, మందస, వజ్రపుకొత్తూరు, పలాస ప్రాంతములలో కొబ్బరి, జీడితోటల నడుమ బ్రదుకు రైతుకూలీలను ఏండ్లతరబడి మూత్రపిండముల జబ్బు పీడించుచున్నది. దాని మూలకారణము నిశ్చయముగా తేలలేదు. అట్టి చోట నడుము నొప్పికి చీటి లేకుండ ప్రెగాబాలిన్ ఇచ్చుట, తూము పూడిన చెరువునకు కొత్త కాలువ త్రిప్పుట వంటిది. మూత్రపిండము చెడిన సంగతి చాలకాలము బయటపడదు. నొప్పి యుండదు, మూత్రము తగ్గదు. రక్తములో క్రియాటినిన్ పరీక్ష చేసిననే తెలియును. నరముల మందు మొదలుపెట్టుటకు ముందు ఈ పరీక్ష యొకటి చేయింపుడని అడుగుట ప్రతి సభ్యుని హక్కు. మధుమేహము, రక్తపోటు గలవారు ఏటేటా చేయించుకొనవలసినదే.

నరముల మందుతోపాటు డైక్లోఫినాక్, ఎసిక్లోఫినాక్ వంటి నొప్పి బిళ్ళలను దినదినము వాడు అలవాటు మనలో మిక్కుటము. ఇవి ప్రెగాబాలిన్‌తో పేగునందు కలహింపవు, కాని వెడలు ద్వారమునే చెరచును. ఎండలో కోతకు పోయి, చెమట కార్చి, నీరు చాలినంత త్రాగక, సాయంకాలము రెండు నొప్పి బిళ్ళలు మ్రింగు కూలివాని మూత్రపిండముపై పడు భారము సామాన్యమైనది కాదు. నరముల నొప్పికి ఆ బిళ్ళలు పెద్దగా పనికిరావని ముందే చెప్పితిమి. పొట్లములో కట్టి యిచ్చు పేరులేని బిళ్ళలను, పొడులను అసలే ముట్టరాదు. లోపల ఏమున్నదో తెలియనపుడు దేనితో కలహించునో ఎవరు చెప్పగలరు?

మధుమేహపు మాత్రలలో పయోగ్లిటజోన్ అనునది పాదములకు నీరు దించు గుణము గలది. ప్రెగాబాలిన్‌నకును అదే గుణము గలదు. రెండును కలిసినచో వాపు, బరువు హెచ్చును; గుండె బలహీనముగా నున్నవారికి ఇది కీడు. రక్తపోటునకు వాడు అమ్లోడిపిన్ గూడ తానొక్కటియే పాదములను వాపించును. వాపు కనబడినపుడు మాత్రలన్నిటిని వైద్యునకు చూపవలెను. రామిప్రిల్, ఎనలాప్రిల్ జాతి రక్తపోటు మాత్రలు వాడువారికి అరుదుగా పెదవులు, నాలుక, గొంతు ఉబ్బుట కలదు. ప్రెగాబాలిన్ సయితము ఒక్కొక్కప్పుడు అట్టి ఉబ్బు తెచ్చును గనుక, రెండును వాడుచు ముఖము ఉబ్బినవారు ఆ దినమే ఆసుపత్రికి పోవలెను.

మెట్‌ఫార్మిన్ సంగతి వేరు. అది నరముల మందుతో పోరాడదు. కాని ఏండ్లతరబడి వాడినచో బి12 అను విటమినును ఒంటికి పట్టనీయదు. రోజూ మ్రింగు గ్యాసు బిళ్ళలును కొంతవరకు నిట్లే చేయును. బి12 లోపించినచో అరికాళ్ళ మంట, తిమ్మిరి పుట్టును. చూచితిరా వింత! చక్కెర వలన కలిగిన నరముల నొప్పి యని మందు మ్రింగుచుండగా, అసలు దోషము విటమిను లోపమై యుండవచ్చును. ఈ విటమిను పాలు, పెరుగు, గ్రుడ్లు, చేపలు, మాంసములలో నుండును. ధాన్యములలోను కూరలలోను ఉండదు. పథ్యమని పాలు పెరుగు మానిన శాకాహారికి ఈ లోపము త్వరగా వచ్చును. దీనికి రక్తపరీక్ష గలదు.

మన యంగళ్ళలో దొరకు ప్రెగాబాలిన్ చాలవరకు ఒంటరిగా నుండదు. మిథైల్‌కోబాలమిన్ అను బి12 రూపముతో కలిపి యమ్ముదురు. దానివలన హాని లేదు. కొన్నిటిలో నార్ట్రిప్టిలిన్, కొన్నిటిలో డులాక్సెటిన్ చేరియుండును. నార్ట్రిప్టిలిన్ నోరెండించును, మలబద్ధము చేయును, ముసలివారికి మూత్రము బంధించును, మత్తును మరికొంత పెంచును. ఈ రెండింటిలో దేనితోనైనను ట్రామడాల్ కలిసినచో వణకు, చెమట, జ్వరము, కలవరము కలుగు అపాయము గలదు. కావున అట్టపై పెద్ద అక్షరములలో నుండు వ్యాపారపు పేరును గాక, దాని క్రింద సన్నని అక్షరములలో నున్న మందుల పేర్లను చదువవలెను, చదువరాకున్న బిడ్డలచే చదివింపవలెను. ఇద్దరు వైద్యులు రెండు పేర్లతో ఒకే మందును వ్రాయుటయు, రోగి రెండింటిని మ్రింగుటయు అరుదు కాదు.

దీనికి మంచి యుపాయ మొకటి గలదు. సంఘమున మన అప్పు ఖాతా పుస్తకము ఎట్లుంచుకొందుమో, అట్లే ఒక చిన్న పుస్తకమున తాను వాడు ప్రతి మందును, మోతాదును, మొదలుపెట్టిన తేదీని, కడపటి క్రియాటినిన్ లెక్కను, కల్లు చుట్టల యలవాటును సయితము వ్రాసియుంచి, ఏ వైద్యుని యొద్దకు పోయినను ముందుగా దానిని చూపవలెను.

తుదకు మానుట యెట్లు? నొప్పి తగ్గినదనియో, డబ్బు లేదనియో, తిరునాళ్ళకు పోవుచు మరచియో ఈ మందును ఒక్కసారిగా ఆపరాదు. నిద్ర పట్టకుండుట, వికారము, తలనొప్పి, చెమటలు, ఆందోళన కలుగును. మూర్ఛరోగము గలవారికి ఫిట్సు తిరుగబెట్టును. కనీసము వారము దినములపాటు కొంచెము కొంచెముగా దించుకొనుచు రావలెను. పెద్ద మోతాదు చాలకాలము వాడినవారికి ఇంకను ఎక్కువ దినములు పట్టును. కొందరు దీనికి అలవాటుపడుదురు గూడ. బ్రిటనులో 2019 ఏప్రిల్ మొదలు ఈ రెండింటిని నియంత్రిత ఔషధములలో చేర్చుట అందుచేతనే. ఒక వేళ మాత్ర మరచినచో జ్ఞప్తికి వచ్చినపుడు పుచ్చుకొనవచ్చును. తరువాతి వేళ దగ్గరపడినచో దానిని విడిచిపెట్టి, ఆ వేళ మాత్రను మాత్రమే పుచ్చుకొనవలెను. రెండు వేళల మందును ఒక్కసారి మ్రింగరాదు. అట్ట తీరుటకు నాలుగైదు దినముల ముందుగనే క్రొత్త అట్ట తెచ్చుకొనుట, పొలము పనుల నడుమ పట్టణమునకు పోవ వీలుచిక్కని రైతునకు మరింత యవసరము.